పాట ఋణము

2003వ సంవత్సరము సెప్టెంబరు మాసమున అమెరికాలో ‘ది సోల్ సెషన్స్’ అను పేర ఒక సంగీతపు ఆల్బము వెలువడినది. పాడినది జాస్ స్టోన్ అను ఆంగ్లేయ బాలిక. ఆనాటికి ఆమె వయస్సు పదునారు సంవత్సరములు. డోవరు పట్టణమున పుట్టి, డెవన్ ప్రాంతపు పల్లెసీమలో పెరిగినది. ఆల్బములోని పాటలు పది. వానిలో అధికభాగము ఆమె జననమునకు పూర్వమే, 1960, 1970 దశకములలో, అమెరికాలోని నల్లజాతి గాయకులు పాడినవి. బ్రిటను ఆల్బముల పట్టికలో ఇది నాలుగవ స్థానమునకు ఎక్కినది. 2004లో మెర్క్యురీ బహుమానమునకు పరిశీలింపబడిన ఆల్బములలో ఒకటైనది. మరుసటి సంవత్సరమున ఆమెకు బ్రిటనులోని ఉత్తమ గాయనిగా బ్రిట్ పురస్కారము లభించినది.

పాత పాటలను కొత్త గొంతుతో వినిపించుట వింత కాదు. అన్ని దేశములలోను, అన్ని కాలములలోను జరుగుచున్నదే. అయినను రెండు దశాబ్దములు గడచిన పిమ్మట ఈ ఆల్బమును గూర్చి ప్రస్తావించుటకు కారణము కలదు. ఒక జాతి తన కష్టములోనుండి పుట్టించుకొన్న పాటను ఆ కష్టమెరుగని మరియొకరు పాడవచ్చునా? పాడినచో వారు ఎవరికి ఏమి బాకీ పడుదురు? ఈ ప్రశ్న సంగీతమునకు మాత్రమే సంబంధించినది కాదు. పూర్వుల విద్యను చిన్నవారికి అందించుటయే వృత్తిగా గల ఉపాధ్యాయులకును, దానిని స్వీకరించు విద్యార్థులకును ఇది ప్రతిదినమును ఎదురగు ప్రశ్నయే.

ముందుగా ఆ పాటల పుట్టుకను తెలిసికొనవలెను. 1920లో మేమీ స్మిత్ అను నల్లజాతి గాయని ‘క్రేజీ బ్లూస్’ అను పాటను రికార్డు చేయగా అది విశేషముగా అమ్ముడుపోయెను. నల్లవారు కూడ రికార్డులు కొందురని వర్తకులకు అప్పుడు తెలిసివచ్చినది. వారి కొరకు వేరొక వరుసను ఏర్పరచి, దానికి ‘రేస్ రికార్డులు’, అనగా జాతి రికార్డులు, అని పేరిడిరి. రైలుబండిలో, పాఠశాలలో, భోజనశాలలో మనుష్యులను వేరుచేసిన దృష్టియే అంగడిలో పాటను కూడ వేరుచేసినది. 1949లో ‘బిల్‌బోర్డ్’ పత్రిక ఆ పేరును విడిచి, అందు పనిచేయుచుండిన జెర్రీ వెక్స్‌లర్ సూచించిన ‘రిథమ్ అండ్ బ్లూస్’ అను పేరును స్వీకరించినది. 1969లో ఆ పత్రికయే ఆ పట్టికకు ‘సోల్’ అని పేరు మార్చెను.

సోల్ అనగా ఆత్మ. ఆ పేరు ఊరక వచ్చినది కాదు. నల్లవారి చర్చిలలో ఆదివారములందు పాడెడి గాస్పెల్ గీతముల రీతియే ఈ సంగీతమునకు ప్రాణము. ముందు ఒకరు పాడగా సభ బదులు పలుకుట, ఒక్క అక్షరమును పలు స్వరములమీద సాగదీయుట, గొంతు బీటువారిన చోట దానిని దాచక ఆ బీటనే వినిపించుట, ఇవి దాని లక్షణములు. 1954లో రే చార్లెస్ ‘ఐ గాట్ ఎ ఉమన్’ అను పాటలో ఈ భక్తిగాన రీతిని లౌకిక ప్రణయమునకు తెచ్చినాడు. దేవుని పాటను వీధికి ఈడ్చెనని నిందించినవారు లేకపోలేదు. గాస్పెల్ బృందమున పేరు పొందిన శామ్ కుక్ కూడ లౌకిక గానమునకు వచ్చి, 1964లో ‘ఎ చేంజ్ ఈజ్ గాన కమ్’ అను పాటను వెలువరించెను. మార్పు రాక తప్పదను అర్థము గల ఆ పాట పౌరహక్కుల పోరాటమున నిలిచిన వారికి గొంతుక అయినది.

ఆ కాలముననే డెట్రాయిట్ నగరమున బెర్రీ గోర్డీ తన కుటుంబమువారి యొద్ద ఎనిమిదివందల డాలర్లు అప్పు తెచ్చి 1959లో మోటౌన్ అను సంస్థకు పునాది వేసెను. మెంఫిస్ నగరమున ఒక పాత సినిమాశాలలో స్టాక్స్ అను సంస్థ నెలకొన్నది. నల్లవారును తెల్లవారును ఒక బల్లయొద్ద భోజనము చేయుటకు వీలులేని ఆ నగరమున, బుకర్ టి. అండ్ ది ఎం.జీ.స్ అను వాద్యబృందములో ఇరువురు నల్లవారును ఇరువురు తెల్లవారును కలసి వాయించిరి. అలబామా రాష్ట్రములోని మజిల్ షోల్స్‌లో 1967లో అరీతా ఫ్రాంక్లిన్ పాడినపుడు చుట్టును కూర్చుండి వాయించినవారిలో పెక్కురు శ్వేతజాతి యువకులే. కనుక ఈ సంగీతము ఒక జాతి గడపలోనే బంధింపబడి యుండెనని అనుకొనరాదు. గడప దాటి వచ్చిన వారిని అది ఎన్నడును త్రోసివేయలేదు. కాని లాభము పంచుకొను వేళ వచ్చినపుడు తలుపులు వేరువేరుగా తెరచుకొన్నవి. చిక్కు అంతయు అచటనే యున్నది.

ఒక్క ఉదాహరణము చాలును. 1950 దశకపు తొలినాళ్లలో రూత్ బ్రౌన్ అను గాయని పాటలు ఎంతగా అమ్ముడుపోయినవనగా, అట్లాంటిక్ రికార్డు సంస్థను ‘రూత్ కట్టిన ఇల్లు’ అని చెప్పుకొనెడివారు. అటువంటి గాయని 1960 దశకములో బిడ్డలను పోషించుకొనుటకై ఇండ్లలో పనిచేసినది; పాఠశాల బస్సును నడిపినది. ఆమె పాటలు మాత్రము అమ్ముడగుచునే యుండెను. స్టూడియో ఖర్చులను గాయకుల లెక్కలోనే వ్రాసి, వారిని ఎల్లప్పుడును బాకీదారులుగా చూపుట ఆనాటి వర్తకుల ఆచారము. 1980 దశకములో ఆమె తన న్యాయమైన రాబడికై గట్టిగా పోరాడినది. దాని ఫలితముగా కొందరు వృద్ధ గాయకులకు రావలసిన సొమ్ము కొంత లభించెను. వారికి అండగా 1988లో రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషను ఏర్పడెను.

చట్టము కూడ గాయకులకు అనుకూలముగా లేకుండెను. అమెరికాలో సాధారణ రేడియో ఒక పాటను ప్రసారము చేసినపుడు ఆ పాటను రచించినవారికి సొమ్ము ముట్టును. పాడినవారికి, వాయించినవారికి ముట్టదు. ఈనాటికిని ఇంతే. ‘రెస్పెక్ట్’ అను పాటను 1965లో ఓటిస్ రెడ్డింగ్ రచించి పాడినాడు. 1967లో అరీతా ఫ్రాంక్లిన్ దానిని పాడి, స్త్రీలకును, నల్లవారికిని ఆత్మగౌరవ గీతముగా మలచినది. రేడియోలో అది ఎన్ని వేల సారులు మ్రోగినను, ఆ ప్రసారముల నిమిత్తము అరీతాకు గాయనిగా అమెరికాలో చట్టము ఇప్పించినది ఏమియు లేదు. మర్యాద అను అర్థము గల పాటకు జరిగిన మర్యాద ఇది!

ఇట్టి చరిత్ర వెనుక నుండగా, ఇంగ్లండు పల్లెలో పెరిగిన పదునారేండ్ల తెల్ల బాలిక ఆ పాటలనే పాడి కీర్తిని గడించినపుడు ఆక్షేపణలు పుట్టుట సహజము. అవి రెండు విధములు. ఒకటి వయస్సును గూర్చినది: వంచనకు గురియైన స్త్రీల బాధను, పెద్దవారి ప్రణయ కలహములను ఈ చిన్నది ఏమెరుగును? రెండవది హక్కును గూర్చినది: ఈ గొంతు ఎరువు సొమ్ము కాదా? ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అని మన పెద్దలన్నారు గదా!

ఈ ఆక్షేపణలకు సమాధానము ఆ ఆల్బము తయారైన తీరులోనే కొంత కలదు. ఆ పాటలలో ఎక్కువ భాగమును రికార్డు చేయుటకై ఆ బాలికను ఫ్లారిడాలోని మయామీ నగరమునకు తీసికొనిపోయిరి. నిర్మాతలు స్టీవ్ గ్రీన్‌బర్గ్, మైకేల్ మాంజినీ, బెట్టీ రైట్. వీరిలో బెట్టీ రైట్‌ను ఆ ఆల్బమునకు గురువు అనుట తగును. ఆమె 1953లో మయామీలో జన్మించి, బాల్యముననే కుటుంబపు గాస్పెల్ బృందములో పాడినది. ఆమె పిలువగా వచ్చి వాయించినవారు కొత్తవారు కారు. గిటారుపై లిటిల్ బీవర్ అని ప్రసిద్ధుడైన విల్లీ హేల్, పియానోపై లాటిమోర్, ఆర్గానుపై టిమ్మీ థామస్ కూర్చుండిరి. 1970 దశకములో మయామీ సంగీతమునకు రూపురేఖలు దిద్దినవారే వీరు. థామస్ 1972లో పాడిన ‘వై కాన్ట్ వుయ్ లివ్ టుగెదర్’, లాటిమోర్ 1974లో పాడిన ‘లెట్స్ స్ట్రెయిటెన్ ఇట్ అవుట్’ ఆనాటి పాటలలో ఎన్నదగినవి.

2003 నాటికి యంత్రములతో తాళమును కూర్చి, ఒక్కొక్కరు ఒక్కొక్క దినమున వచ్చి పాడి పోవు పద్ధతి వాడుకలో నున్నది. దానికి భిన్నముగా ఇచట వాద్యములు మనుష్యుల చేతులలోనే మ్రోగినవి. గాయని ఊపిరి తీసికొను చోట గిటారు ఒక్క మాట పలుకుట, ఆమె గొంతు హెచ్చినపుడు ఆర్గాను తగ్గుట వినబడును. ఇది కాగితముమీది స్వరములను చూచి నేర్చునది కాదు. ఎరిగినవారి ప్రక్కన నిలిచి నేర్చునది. మనవారు గురుముఖతః అనుచు వచ్చినది దీనినే.

వయస్సును గూర్చిన ఆక్షేపణకు బెట్టీ రైట్ జీవితమే బదులు చెప్పును. ఆమె మొదటి ఆల్బము 1968లో వెలువడినపుడు ఆమె కూడ చిన్నపిల్లయే. భర్తను నిర్లక్ష్యము చేసిన యిల్లాలి కథను హెచ్చరికగా చెప్పు ‘క్లీన్ అప్ ఉమన్’ అను పాట 1971లో వచ్చినది. అప్పటికి ఆమెకు పదునెనిమిదేండ్లు నిండలేదు. అనుభవము లేని బాలిక పెద్దల పాట పాడుట ఈ సంప్రదాయమున కొత్త కాదు. చర్చిలో ఏడెనిమిదేండ్ల బిడ్డలు మరణమును గూర్చి, మోక్షమును గూర్చి పాడుదురు. వారు ఆ మాటల బరువును మోసి తెలిసికొనిన తరువాత పాడరు. పాడుచు పాడుచు తెలిసికొందురు. పాఠశాలలో పద్యమును కంఠస్థము చేయు బాలునికిని ఇంతే. అర్థము పదేండ్ల తరువాత తోచును. తోచుటకు ముందు పద్యము నోట నుండవలెను.

ఇక పాటల సంగతి. మొదటి పాట ‘ది చోకిన్ కైండ్’. దీనిని రచించిన హార్లన్ హోవర్డ్ తెల్లవారి పల్లెపాటల ఫణితిలో, అనగా కంట్రీ సంగీతములో, ప్రసిద్ధుడు. 1969లో నల్లజాతి గాయకుడు జో సైమన్ దానిని సోల్ రీతిలో పాడి గ్రామీ పురస్కారము పొందినాడు. మూడున్నర దశాబ్దముల తరువాత అది ఆంగ్లేయ బాలిక గొంతునకు వచ్చినది. తెల్లవాని కలమునుండి నల్లవాని గొంతునకు, అచటనుండి సముద్రమునకు ఆవలి పిల్లకు నడచిన ఈ పాట ఎవరిది? అందరిదియు అని చెప్పుట సులభము. దారిలో ఎవరెవరు దానిని మోసిరో చెప్పి, ఆ తరువాత అందరిదియు అనుట న్యాయము.

మరియొక పాట ఇంకను ఆలోచింపదగినది. అమెరికాలోని ది వైట్ స్ట్రైప్స్ అను రాక్ బృందము 2001లో ‘ఫెల్ ఇన్ లవ్ విత్ ఎ గర్ల్’ అను పాటను రెండు నిమిషములైన నిండని పరుగుతో పాడెను. ఈ ఆల్బములో దానిని ది రూట్స్ అను ఫిలడెల్ఫియా బృందమువారి సహాయముతో, గర్ల్ అనుచోట బాయ్ అని మార్చి, పరుగును నడకగా చేసి, పూర్తిగా సోల్ గీతముగా వినిపించిరి. దీనినిబట్టి ఒక సత్యము బోధపడును. సోల్ అనగా పాత పాటల పెట్టె కాదు; పాడు విధానము. విధానము చేతికి వచ్చినవారు నిన్నటి పాటను కూడ అందులో పోసి పాడగలరు. పునరుద్ధరణము అను మాటకు ఇదియే సరియైన అర్థము. పాత వస్తువును తుడిచి బీరువాలో పెట్టుట పునరుద్ధరణము కాదు.

అన్నియు మెచ్చదగినవే యని మేము చెప్పము. అరీతా ఫ్రాంక్లిన్ పాడిన ‘ఆల్ ది కింగ్స్ హార్సెస్’ను వినిన చెవికి ఈ బాలిక పాడినది తేలికగా తోచును. అరీతా పాటలో ఏ స్వరము ఎచట విడువవలెనో తెలిసిన నిగ్రహము కలదు. ఇచట కొన్ని పాటలలో గమకములు అవసరమునకు మించినవి. నేర్చినదంతయు ఒక్కసారిగా చూపవలెనను తొందర కనబడును. ఐస్లీ బ్రదర్స్ వారి ‘ఫర్ ది లవ్ ఆఫ్ యూ’ కొంత సాగినది కూడ. ఇవి విద్యార్థి దోషములు. గురువుల యెదుట నిలిచి పాడిన విద్యార్థి దోషములు గనుక అవి దాచబడలేదు, దాచవలసిన పనియు లేదు. 2004లో వెలువడిన తన రెండవ ఆల్బమున ఆమె తాను పాలు పంచుకొని రచించిన పాటలనే ఎక్కువగా పాడినది. ముందు పెద్దల పాట, పిదప తన మాట అను ఈ వరుస ఏ విద్యలోనైనను మంచి వరుసయే.

రెండవ ఆక్షేపణ హక్కును గూర్చినది. దీనికి సమాధానము అంత సులభము కాదు. ఈ ఆల్బమున పెద్దలను పిలిచిరి, వారి పేర్లు అచ్చువేసిరి, బెట్టీ రైట్‌ను నిర్మాతగా నిలిపిరి. ఇది చిన్న విషయము కాదు. తన గొంతును ఇతరులు అడుగకుండ వాడుకొనుట ఎట్లుండునో ఆమె ఎరుగును. 1991లో ఒక గాయక బృందమువారు ఆమె పాత పాటలోని భాగమును అనుమతి లేకుండ తమ పాటలో చేర్చుకొనగా, ఆమె పోరాడి రాబడిలో వాటా సాధించుకొన్నది. అట్టి స్త్రీ తానే పిలిచి, ప్రక్కన కూర్చుండబెట్టుకొని నేర్పిన పాటను దొంగసొత్తు అనుటకు మేము అంగీకరింపము.

అయినను ఒక మాట చెప్పక తప్పదు. నేర్పిన పెద్దలకు రాని కీర్తి నేర్చిన బాలికకు కొలది మాసములలో వచ్చినది. పత్రికల ముఖపత్రములమీద ఆమె ముఖమే కనబడినది. ఇది ఆమె తప్పిదము కాదు, అంగడి స్వభావము. అదే పాటను నలువదేండ్ల నల్లజాతి గాయని పాడియున్నచో ఇంత గిరాకి ఉండెడిదా అను ప్రశ్నను ఈ ఆల్బమును మెచ్చుకొనువారు తప్పించుకొనరాదు. ఒక్క ఆల్బము వలన పాత బాకీ తీరదు. బాకీ ఉన్నదని ఒప్పుకొనుట మాత్రము జరుగును. ఆ ఒప్పుకోలు లేని చోట ఎంత మధురముగా పాడినను అది ఎరువు సొమ్మే. ఉన్న చోట అది వారసత్వమగును. ఈ రెండింటికిని భేదము గొంతు రంగులో లేదు, లెక్కలో నున్నది. ఎవరియొద్ద నేర్చితివి, ఎవరి పేరు చెప్పితివి, వచ్చినదానిలో ఎవరికి పంచితివి, ఇవియే ఆ లెక్కలోని మూడు పద్దులు.

నేడు ఈ లెక్క మరింత అవసరమైనది. చేతిలోని ఫోనులో కోట్ల పాటలు వినబడుచున్నవి; రికార్డు అట్టమీద రచయిత, స్వరకర్త, వాద్యకారుల పేర్లను చదువుకొను అలవాటు పోయినది. 1972కు ముందు రికార్డయిన పాటలు ఇంటర్నెట్టు రేడియోలో మ్రోగినపుడు ఆ వృద్ధ గాయకులకు సొమ్ము చెల్లింపవలెనని అమెరికా చట్టము నిర్ణయించినది 2018లో మాత్రమే. అప్పటికి వారిలో పెక్కురు కన్నుమూసిరి. ఇప్పుడు కంప్యూటరులు ఒక గాయకుని రికార్డులను విని, ఆ గాయకుడు ఎన్నడును పాడని పాటను ఆ గొంతుతోనే వినిపింపగలుగుచున్నవి. స్టాక్స్ సంస్థ వెలసిన మెంఫిస్ గల టెనెసీ రాష్ట్రము, 2024లో మనిషి గొంతుకను అతని సొత్తుగా రక్షించు చట్టమును చేసినది. యంత్రము గురువు ప్రక్కన కూర్చుండదు, తప్పు పాడి చీవాట్లు తినదు, పేరు చెప్పదు. పదునారేండ్ల బాలిక మయామీకి పోయి నిలిచి పాడుటలో గల విలువ ఈ పోలికతో మనకు స్పష్టమగుచున్నది.

ఉపాధ్యాయులకు ఒక విన్నపము. తరగతిలో పద్యము చదివించినపుడు ఇది ఏ కవిది అని అడుగుట మన బడులలో ఉన్న మంచి ఆచారము. పాటకును ఆ ఆచారమును విస్తరింపుడు. సినిమాపాట పాడిన విద్యార్థి ఆ పాటకు అభినయించిన నటుని పేరు చెప్పగలడు. వ్రాసినదెవరు, వరుస కట్టినదెవరు, పాడినదెవరు అని అడిగినచో తడబడును. ఆ పేర్లు తెలిసికొని రమ్మని పంపుడు. జానపద గీతమైనచో ఏ యూరిలో, ఏ పనివారి నోట, ఏ పని చేయుచు పాడినదో అడిగి తెలిసికొని రమ్మనుడు. పేరు తెలియని చోట కనీసము వారి పని తెలియును. అదియు ఋణము గుర్తించుటయే.

విద్యార్థులకు కూడ ఒక మాట. ఈ ఆల్బము దొరకినచో వినుడు; అచటనే ఆగకుడు. జాస్ స్టోన్ పాడిన ‘ది చోకిన్ కైండ్’ను వినిన పిమ్మట జో సైమన్ పాడినదానిని వెదకి వినుడు. బెట్టీ రైట్ 2020 మే 10వ తేదీన మరణించినది. టిమ్మీ థామస్ 2022లో కన్నుమూసినాడు. వారు నేర్పిన బాలిక నేడు నడివయస్సునకు చేరుచున్న గాయని. ఆమె యొద్దకు పాఠమునకు వచ్చు పదునారేండ్లవారు ఎవరైన ఉన్నచో, బెట్టీ రైట్ పేరు చెప్పి మొదలుపెట్టుట ఆమె తీర్పవలసిన ఋణము. ఆ పేరును విని గుర్తుంచుకొనుట వినువారు తీర్పవలసినది.